మష్రూమ్ క్రీమ్ సూప్: ఏ పుట్టగొడుగులు కొనాలి, చిక్కదనానికి ఏం వేయాలి, మీగడ సరిపోతుందా, క్రీమే కావాలా?

ఇంట్లో చేసిన మష్రూమ్ సూప్ చప్పగా ఉందనిపిస్తే చేయి ముందు క్రీమ్ ప్యాకెట్ మీదికే పోతుంది. క్రీమ్ పోసేకొద్దీ సూప్ నునుపుగా అవుతుందే గాని పుట్టగొడుగు రుచి పెరగదు, ఉన్న కాస్త కూడా మరుగున పడుతుంది. చప్పదనానికి కారణం దాదాపు ఎప్పుడూ ఈ రెండింటిలో ఒకటి: పుట్టగొడుగులు తక్కువ పడ్డాయి, లేదా అవి వేగకుండా ఉడికాయి. కాబట్టి ఖర్చు పెట్టదలిస్తే పుట్టగొడుగుల మీద పెట్టండి. క్రీమ్, మైదా, ఎండు ఆకులు అన్నీ ఆ తర్వాతే.

నలుగురికి సరిపడే కొలత ఇది: పుట్టగొడుగులు 400 గ్రాములు (దుకాణంలో దొరికే 200 గ్రాముల ప్యాకెట్లు రెండు), ఉల్లిపాయ మధ్యరకం ఒకటి, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, వెన్న 30 గ్రాములు, నూనె ఒక చెంచా, మైదా 15 గ్రాములు, నీళ్ళు గాని స్టాక్ (కూరగాయ ముక్కలు మరిగించి వడకట్టిన నీళ్ళు) గాని 600 మిల్లీలీటర్లు, క్రీమ్ 100 మిల్లీలీటర్లు, ఉప్పు సుమారు ఒక టీస్పూను, అప్పుడే దంచిన మిరియాలు అర టీస్పూను. పొయ్యి దించేసరికి 850 మిల్లీలీటర్ల దాకా మిగులుతుంది, అంటే నాలుగు గిన్నెలు. ఒక్క ప్యాకెట్టుకు లీటరు నీళ్ళు పోస్తే మాత్రం ఇక ఏం కలిపినా అది పిండి సూపే అవుతుంది. కింద చెప్పిన పోలికలన్నీ ఈ కొలత మీదే.

ఏ పుట్టగొడుగులు?

మన ఊళ్ళలో ఏడాది పొడవునా దొరికేవి మూడు: బటన్, ఆయిస్టర్ (ముత్యపు చిప్ప), పాల పుట్టగొడుగులు. మూడింటితోనూ సూప్ అవుతుంది గాని, మూడూ ఒకే సూప్ ఇవ్వవు.

రుబ్బి చేసే సూప్‌కు బటన్ మొదటి ఎంపిక. వేగినప్పుడు వచ్చే కమ్మని మాంసపు రుచి దీనిలోనే ఎక్కువ, మిక్సీలో కూడా త్వరగా నలుగుతుంది. కొనేటప్పుడు టోపీ కింది అంచు చూడండి. అంచు కాడకు అతుక్కుని మూసుకుని ఉంటే లేతది, సూప్ లేత గోధుమరంగులో వస్తుంది. అంచు విడిపోయి లోపలి నల్లటి మడతలు కనబడుతుంటే ముదిరింది. ముదిరిన దానికి రుచి ఎక్కువ, కాని సూప్ బూడిదరంగుకు తిరుగుతుంది. ఇంట్లోవాళ్ళ కోసమైతే కాస్త విచ్చుకున్నవే మేలు, అతిథుల ముందు పెట్టడానికి మూసుకున్నవి తీసుకోండి. టోపీ మీద చిన్న గోధుమ మచ్చలుంటే నష్టం లేదు. ప్యాకెట్ లోపల నీటిబొట్లు పేరుకున్నా, ముట్టుకుంటే జిగురు తగిలినా వదిలేయండి. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉండేవారికి గోధుమరంగు క్రెమిని, పెద్ద పోర్టొబెల్లో కూడా కనిపిస్తాయి. ఇవీ తెల్ల బటనూ ఒకే జాతివి, రంగూ వయసూ మాత్రమే తేడా. క్రెమినిలో రుచి కొంచెం గాఢంగా ఉంటుంది కాబట్టి అదే ధరకు దొరికితే దాన్నే తీసుకోండి. పోర్టొబెల్లో అయితే లోపలి నల్ల మడతల్ని చెంచాతో గీకేసి వాడాలి, లేకపోతే సూప్ నల్లబడుతుంది.

ఆయిస్టర్ వరిగడ్డి మీద సులువుగా పెరుగుతుంది. అందుకే మన దగ్గర చిన్న పెంపకందారుల నుంచి తాజాగా దొరికే అవకాశం దీనికే ఎక్కువ. రుచి సున్నితం, సూప్ రంగు మీగడలా తెల్లగా వస్తుంది. చిక్కు పీచుతోనే. కాడల మొదళ్ళు గట్టిగా ఉంటాయి, ఎంత రుబ్బినా నలగవు. వాటిని కోసి పక్కన పెట్టి స్టాక్‌లో వేయండి. టోపీలను పీచుకు అడ్డంగా సన్నగా తరగాలి. నిలువుగా చీల్చి వేస్తే సూప్‌లో దారాల్లా తగులుతాయి.

పాల పుట్టగొడుగు మన ఎండలకు తగినది. బటన్ కాపుకు 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్ లాంటి కొండప్రాంతాలు పుట్టగొడుగులకు పేరు పొందడానికి ఆ చల్లదనం ఒక కారణం, మైదానాల్లో దాన్ని ఏసీ గదుల్లో పెంచుతారు. పాల పుట్టగొడుగు మాత్రం 30 డిగ్రీలు దాటిన వేడిలోనూ కాస్తుంది. తెల్లగా, గట్టిగా ఉంటుంది, ఫ్రిజ్‌లో బటన్ కంటే ఎక్కువ రోజులు ఆగుతుంది. అన్నిటికంటే తెల్లటి సూప్ దీనితోనే వస్తుంది. రుచిలో మాత్రం వెనకబడుతుంది. దీనొక్కదానితోనే చేయదలిస్తే ఒక టీస్పూను సోయాసాస్ గాని, ఎండు షిటాకే పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్ళు గాని తోడు కావాలి. సగం బటన్, సగం పాల పుట్టగొడుగు కలిపితే రంగూ రుచీ రెండూ నిలుస్తాయి. వేసవిలో బటన్ ధర పెరిగినప్పుడు ఈ కలయిక చాలా పనికొస్తుంది.

ఎండు షిటాకే పది గ్రాములు చాలు. దాన్ని సూప్‌కు ఆధారంగా కాదు, రుచి పెంచేదిగా చూడండి. 200 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టి, అడుగున దిగిన ఇసుక రాకుండా పైనీళ్ళు వంచుకుని స్టాక్‌లో కలపండి. డబ్బాలో ఉప్పునీళ్ళలో వచ్చే పుట్టగొడుగులు ఈ సూప్‌కు పనికిరావు. అవి ముందే ఉడికినవి, వాసన పోయినవి, మూకుడులో సరిగా వేగవు.

తొలకరి వానలప్పుడు వచ్చే పుట్టకొక్కుల్ని సూప్‌కు రుబ్బడం మాత్రం అన్యాయం. వాటి అందమంతా నమలడంలో ఉంది, ఇగురో పులుసో చేసుకోండి. అదీ ఏళ్ళ తరబడి ఏరే అలవాటున్నవారి దగ్గర కొన్నవే. పేరు తెలియని పుట్టగొడుగును ఏ వంటలోనూ వేయకండి. ప్రాణం తీసే రకాల్లోని విషం ఎంత మరిగించినా పోదు.

కడగాలా, గుడ్డతో తుడవాలా అన్నది చాలామందికి సందేహం. కుళాయి కింద గబగబా కడిగి వెంటనే గుడ్డ మీద ఆరబెడితే ఏమీ కాదు. పుట్టగొడుగులో తొంభై శాతం దాకా నీరే, కడిగినప్పుడు చేరేది దాని ముందు కొంచెమే. గిన్నెలో నానబెట్టడం, తరిగాక కడగడం మాత్రం వద్దు.

వేయించడం: సూప్ రుచి తేలేది ఇక్కడే

వెడల్పాటి మూకుడు లేదా పాన్ తీసుకోండి. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే నీరు ఊరి, ఆ నీటిలోనే ఉడికిపోతాయి. 200 గ్రాముల చొప్పున రెండు విడతలుగా వేయండి. ఒక్కో విడతకు సగం వెన్న, కాస్త నూనె.  మంట పెద్దగా పెట్టాలి. మొదటి రెండు మూడు నిమిషాల్లో నీరు బయటికొస్తుంది, తర్వాత అయిదారు నిమిషాలకు ఇగురుతుంది. అప్పుడు బుడబుడ శబ్దం ఆగి చిటపట మొదలవుతుంది. చాలామంది ఇక్కడే దించేస్తారు. ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉంచితే అంచులు ఎర్రబడతాయి, గిన్నె అడుగున గోధుమరంగు పొర కడుతుంది. ఆ పొరే సూప్‌కు ప్రాణం. తర్వాత పోసే నీళ్ళతో దాన్ని గరిటెతో గీకి కలుపుకోవాలి. నాన్‌స్టిక్ పాన్‌లో ఈ పొర సరిగా కట్టదు కాబట్టి అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె మేలు. పొర గోధుమరంగు దాటి నల్లబడితే మాత్రం గీకకండి, చేదు దిగుతుంది. పుట్టగొడుగుల్ని వేరే గిన్నెలోకి మార్చేయండి.

వేయించిన వాటిలోంచి రెండు చెంచాల ముక్కలు తీసి పక్కన పెట్టుకోండి, చివర్లో పైన వేయడానికి. అదే గిన్నెలో ఉల్లిపాయ మధ్యస్థమైన మంట మీద మెత్తబడేదాకా, సుమారు ఆరు నిమిషాలు వేయించండి. వెల్లుల్లి ఆఖరి నిమిషంలోనే. ముందే వేస్తే మాడుతుంది, ఆ చేదును క్రీమ్ దాచలేదు.

రుబ్బేది దేనిలో?

పుట్టగొడుగు కణాల గోడల్లో ఉండే కైటిన్ అనే గట్టి పదార్థం వేడికి కరగదు. బంగాళదుంపో క్యారెట్టో ఉడికితే మెత్తబడుతుంది, పుట్టగొడుగు గంట ఉడికినా అలాగే ఉంటుంది. రుబ్బే ముందు సూప్‌ను ఇరవై నిమిషాలు మరిగించాలన్న పద్ధతి వల్ల కొత్తగా వచ్చే మెత్తదనం లేదు. నునుపు మొత్తం బ్లేడు పనే. ఇది తెలిస్తే మిక్సీతో ఉండే పెద్ద ప్రమాదాన్ని కూడా తప్పించుకోవచ్చు.

మరుగుతున్న సూప్‌ను మిక్సీ జార్‌లో పోసి తిప్పితే ఆవిరి మూతను ఎగరగొడుతుంది, చేతులు కాలతాయి. కాబట్టి ముందు మరిగించకండి. వేగిన పుట్టగొడుగులు, ఉల్లిపాయ మీద మైదా చల్లి రెండు నిమిషాలు తిప్పండి. పొయ్యి ఆపి, 250 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళు పోయండి. అడుగు గీకి కలిపేసరికి అంతా గోరువెచ్చగా అవుతుంది. అప్పుడు జార్‌లో సగానికి మించకుండా వేసి రుబ్బండి. ఇలా తక్కువ నీటితో రుబ్బడం వల్ల రెండో లాభం ఉంది: గట్టిగా ఉన్న ముద్ద పచ్చడిలా బ్లేడుకు చిక్కి నలుగుతుంది, పలుచటి సూప్‌లో ముక్కలు బ్లేడును తప్పించుకు తిరుగుతాయి. ఒకటిన్నర నిమిషం, మధ్యలో ఒకసారి ఆపి గోడలకు అంటినది కిందికి లాగి మళ్ళీ తిప్పాలి. తర్వాత మిగతా 350 మిల్లీలీటర్లు పోసి పొయ్యి మీద పెట్టి, పొంగు వచ్చాక సన్న సెగ మీద పది నిమిషాలు ఉంచండి. మైదా పచ్చివాసన పోతుంది, మిక్సీ పట్టించిన గాలి బుడగలు కూడా పోతాయి.

హ్యాండ్ బ్లెండర్ సౌకర్యం వేరు. గిన్నెలోనే పని, వేడిగా ఉన్నా ఇబ్బంది లేదు, కడిగేది ఒక్కటే. కాని పుట్టగొడుగు విషయంలో నునుపు తక్కువ, రవ్వలా చిన్న పలుకులు మిగులుతాయి. కాస్త పలుకు ఉంటేనే ఇష్టమనుకునేవారికి ఇదే సరైనది. హోటల్లో ఇచ్చినంత నునుపు కావాలంటే మామూలు మిక్సీలో రుబ్బి, సన్నటి జల్లెడలో గరిటె వెనకవైపుతో నొక్కి వడకట్టండి. బరువైన హైస్పీడ్ బ్లెండర్ ఉంటే జల్లెడ అక్కర్లేదు. దాన్ని ఈ ఒక్క సూప్ కోసం కొనమని మాత్రం చెప్పలేం. జల్లెడ ఆ పనిని అయిదు నిమిషాల్లో చేస్తుంది.

చిక్కదనానికి ఏది?

రుబ్బిన పుట్టగొడుగే సూప్‌కు సగం చిక్కదనం ఇస్తుంది. పిండి పని నీరూ గుజ్జూ విడిపోకుండా పట్టి ఉంచడం, క్రీమ్ విరగకుండా కాయడం. అందుకే కొలత తక్కువగా ఉండాలి.

మైదా అన్నిటికంటే నమ్మకమైనది. రుచి నిదానంగా ఉంటుంది, మళ్ళీ వేడిచేసినా పలచబడదు. ఉండలు కడుతుందన్న భయం ఈ సూప్‌కు వర్తించదు, ఉన్న ఉండలన్నీ మిక్సీలో పోతాయి. రెండు నిమిషాలు వేయించడం, తర్వాత పది నిమిషాలు ఉడికించడం తప్పనిసరి. ఈ రెండింటిలో ఏది తగ్గినా నాలుకకు పచ్చిపిండి తగులుతుంది. గోధుమపిండితో కూడా చేయవచ్చు గాని రంగు ముదురుతుంది, చపాతీ వాసన కాస్త నిలుస్తుంది.

కార్న్‌ఫ్లోర్ (తెల్లటి గంజిపిండి, పసుపురంగు మొక్కజొన్నపిండి కాదు) మైదాకు దాదాపు రెట్టింపు చిక్కబరుస్తుంది, కాబట్టి ఎనిమిది గ్రాములు, అంటే తలకొట్టిన ఒక టేబుల్‌స్పూను చాలు. చల్లటి నీళ్ళలో కలిపి, సూప్ రుబ్బి పొయ్యి మీదికి తెచ్చాక పోయాలి. చిక్కబడిన తర్వాత మళ్ళీ మిక్సీలో తిప్పితే పట్టు పోయి పలచబడుతుంది. రెండు నిమిషాలు మరిగితే చాలు. గబగబా చేసుకుని వెంటనే తాగేసేటప్పుడు ఇది బాగుంటుంది. రేపటికి దాచేటట్టయితే వద్దు, నీరు విడుస్తుంది. ఎక్కువ పడితే మెరిసే జిగురులా తయారై చైనీస్ సూప్ వాటం వస్తుంది.

గోధుమ పడనివారికి అన్నం. మెత్తగా ఉడికిన అన్నం నాలుగు టేబుల్‌స్పూన్లు పుట్టగొడుగులతో కలిపి రుబ్బేయండి. ఇది మన ఇళ్ళ సర్దుబాటు అనుకోకండి, ఫ్రెంచివాళ్ళు బిస్క్ అనే రొయ్యల, పీతల సూపులను అన్నంతో చిక్కబరచడం పాత పద్ధతే. రంగు తెల్లగా, రుచి శుభ్రంగా ఉంటుంది. చల్లారేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి దించేటప్పుడు కాస్త జారుగానే ఉంచండి.

బంగాళదుంప మీద చాలామందికి మక్కువ. మా అభిప్రాయం మాత్రం ఈ సూప్‌కు అది చివరి ఎంపిక. ఉడికిన దుంపను మిక్సీలో తిప్పితే గంజి బయటపడి సాగే జిగురవుతుంది. పైగా పుట్టగొడుగు రుచిని మింగేస్తుంది, ఉప్పు ఎక్కువ అడుగుతుంది. వేయక తప్పదనుకుంటే వంద గ్రాములకు మించకుండా ఉడికించి, చేత్తో మెదిపి, రుబ్బిన సూప్‌లో విస్క్‌తో కలపండి.

జీడిపప్పు పన్నెండు పలుకులు, వేడినీళ్ళలో అరగంట నానబెట్టి రుబ్బితే పిండీ క్రీమూ రెండూ తనే అవుతుంది. పాలపదార్థాలు మానినవారికి ఇంతకంటే మంచిది లేదు. అప్పుడు వెన్న స్థానంలో నూనె వాడండి. తీపి కాస్త పైకి తేలి కూర్మా వైపు లాగుతుంది, దానికి మిరియాలు కొద్దిగా పెంచి, చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే సరి. కొబ్బరిపాలు వద్దు, కొబ్బరి తప్ప ఇంకేమీ తెలియదు. ఓట్స్ పలుకు పోతుంది గాని జారుడు జిగట మిగులుతుంది.

క్రీమ్, మీగడ, పాలు

టెట్రాప్యాక్‌లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు సాధారణంగా 25 శాతం. ఈ సూప్‌కు చాలు. పొయ్యి సన్నగా చేసి, క్రీమ్‌లో ముందు రెండు గరిటెల వేడి సూప్ కలిపి, ఆ మిశ్రమాన్ని గిన్నెలో పోయండి. ఆ తర్వాత మరగనివ్వకండి, ఆవిరి లేస్తే చాలు. కొవ్వు తక్కువున్న క్రీమ్ కుతకుతలాడితే పలుకులుగా విరగవచ్చు. సూప్‌లో మైదా ఉంటే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. నిమ్మరసం వేసేదుంటే దించాక, చుక్కల్లో. విదేశాల్లో ఉన్నవారికి అమెరికన్ హెవీ క్రీమ్ (కనీసం 36 శాతం) గాని, బ్రిటన్ డబుల్ క్రీమ్ (48 శాతం) గాని మరిగినా విరగవు, కాకపోతే 60 మిల్లీలీటర్లతోనే సరిపెట్టండి. హాఫ్ అండ్ హాఫ్, సింగిల్ క్రీమ్ అయితే పైన చెప్పిన జాగ్రత్తే.

తీపి కలిపిన విప్పింగ్ క్రీమ్ ప్యాకెట్ ఒకటి దుకాణంలో పక్కనే ఉంటుంది, కేకుల కోసం అమ్మేది. రంగూ డబ్బా చూసి దాన్ని తెచ్చేస్తే సూప్ పాడైనట్టే. పదార్థాల జాబితాలో చక్కెర ఉందేమో చదివి కొనండి.

ఇంటి మీగడ రుచిలో దేనికీ తీసిపోదు, రెండు షరతుల మీద. ఆ రోజుదో ముందురోజుదో అయి ఉండాలి. నాలుగైదు రోజులు పోగేసిన మీగడ పుల్లబడి ఉంటుంది, వేడి తగలగానే విరుగుతుంది. రెండోది, నాలుగు చెంచాల మీగడకు రెండు చెంచాల పాలు కలిపి జల్లెడలో నొక్కి తీయాలి. మిక్సీలో వేస్తే వెన్న తేలి సూప్ మీద నూనె చుక్కలు పడతాయి.

పాలే పోయాలనుకుంటే 600 మిల్లీలీటర్ల నీళ్ళలో 200 తగ్గించి, ఆ మేరకు చిక్కటి పాలు వేడి చేసి, మైదా ఉడికిన తర్వాతే కలపండి. కమ్మదనం తగ్గుతుంది, కాని పిల్లలకు, రోజూ తాగేవారికి ఇది తేలిక.

నీళ్ళా, స్టాకా?

పుట్టగొడుగులు 400 గ్రాములుండి బాగా వేగితే మంచినీళ్ళతోనే బాగుంటుంది. తీసేసిన కాడలు, సగం ఉల్లిపాయ, నాలుగు మిరియాలు, చిన్న క్యారెట్ ముక్క 700 మిల్లీలీటర్ల నీటిలో ఇరవై నిమిషాలు మరిగించి వడకట్టి, చల్లార్చుకుంటే ఇంకా మంచిది. స్టాక్ క్యూబ్ వాడితే ఉప్పు సగానికి తగ్గించి, చివర్లో రుచి చూసి వేసుకోండి. కరివేపాకు, గరంమసాలా వద్దు. ఎండు థైమ్ ఆకు పావు టీస్పూను చాలు, లేకపోయినా లోటు లేదు.

తేడా వస్తే

చిక్కబడకపోతే పిండి కలపకుండా ముందు మూత తీసి అయిదు నిమిషాలు మరిగించి చూడండి, క్రీమ్ ఇంకా పోయకముందైతేనే. బాగా గట్టిపడితే వేడినీళ్ళే పోయాలి. చల్లటి పాలు పోస్తే రుచి కుంగుతుంది. చప్పగా ఉంటే ఉప్పు ముందు, తర్వాత అర టీస్పూను సోయాసాస్, అప్పటికీ చాలకపోతే రెండు చుక్కల నిమ్మరసం, ఈ వరుసలోనే. విరిగి పలుకులు కట్టిన సూప్‌ను కాస్త చల్లార్చి, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ చల్లటి పాలలో కలిపి చేర్చి మళ్ళీ రుబ్బి, సన్న సెగ మీద చిక్కబడేదాకా తిప్పితే చాలావరకు కలిసిపోతుంది. పైకి కాస్త పలచబడినా గొంతుకు నునుపుగానే ఉంటుంది. బూడిదరంగు పోగొట్టడానికి మాత్రం మార్గం లేదు. పక్కన పెట్టిన ఎర్రటి ముక్కలు, కొద్దిగా కొత్తిమీర, రెండు చుక్కల క్రీమ్ పైన వేసి పెట్టండి.

దాచుకునేటట్టయితే క్రీమ్ కలపకముందే వాటా తీసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజులు బాగుంటుంది. మైదాతోనో అన్నంతోనో చేసింది ఫ్రీజర్‌లో నెల దాకా ఉంచవచ్చు. ఫ్రీజర్‌లోంచి తీశాక నీరు విడిపోయినట్టు కనిపిస్తే కంగారు పడకండి. పూర్తిగా కరిగాక ఒక్కసారి మిక్సీలో తిప్పి, పొంగు వచ్చేదాకా వేడి చేసి, దించే ముందు క్రీమ్ పోసుకోండి.